అవ్వ మనాది: ఒక మార్కెట్ గుమస్తా కేసు

సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పేర్చడానికే ఆయనకు ఐదు నిమిషాలు పట్టింది. నాలుగు ఈసీజీలు, రెండు టూడీ ఎకోలు, ఒక ట్రెడ్‌మిల్ రిపోర్టు, ఛాతీ సీటీ స్కాన్లు రెండు, ఒక ఎండోస్కోపీ, రబ్బరు బ్యాండు వేసిన రక్తపరీక్షల కట్ట. గుండె డాక్టరు చూశారు, ఊపిరితిత్తుల డాక్టరు చూశారు, కడుపు డాక్టరు చూశారు. చివర్లో కాలనీ ఆర్‌ఎంపీ రెండు నెలలు బలం సూదులు వేశాడు. కాగితాలన్నిటి మీదా ఒకటే మాట, నార్మల్. ఆయన అడిగిందీ ఒకటే: “అంతా మంచిగనే ఉంటే ఈ దడ ఎక్కడికెల్లి పుడుతాంది సారూ?”

అది 2023 నవంబరు. ఏనుమాముల మార్కెట్‌కు పత్తి దిగుతున్న రోజులు. అలాంటి సీజన్లో ఒక గుమస్తా పనిరోజు వదులుకుని హన్మకొండ వచ్చి మానసిక వైద్యుడి ముందు కూర్చోవడం మామూలు సంగతి కాదు. దుకాణం సేటే పంపాడని తర్వాత తెలిసింది. “నువ్వు బాగైనంకనే గల్ల ముందట కూసో” అన్నాడట.

పేరు సారయ్య అందాం. అసలు పేరు కాదు, గుర్తుపట్టే వీలున్న మరికొన్ని వివరాలు కూడా మార్చాను. రాస్తానని ఆయన్నీ ఆయన భార్యనూ అడిగాను, ఇద్దరూ సరేనన్నాకే రాస్తున్నాను. వయసు 47. ఇంటర్ దాకా చదివాడు. రైతు సరుకును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒకే అడ్తి దుకాణంలో ఇరవై రెండేళ్ల నుంచి పని. భార్య ఇంట్లోనే కుట్టు మిషన్ తొక్కుతుంది. ఒక్కతే బిడ్డ, అప్పటికి ఇంటర్ రెండో సంవత్సరం.

లోపలికి వచ్చి కూర్చోకముందే ఆయన భార్య ఒక మాట అంది. “అవ్వ మనాది పట్టింది సారూ ఈయనకు.” అవ్వ అంటే మా దగ్గర అమ్మ. నేను తలూపి కేసు షీటులో ‘దిగులు, రెండేళ్ల పైనుంచి’ అని రాసుకున్నాను. మనాది అనే మాట మా దగ్గర అందరికీ తెలుసు. మనోవ్యాధి అరిగి అరిగి అలా అయిందనుకుంటాను. కానీ దిగులు వేరు, మనాది వేరు. దిగులు దేనికైనా కలుగుతుంది. మనాది ఎవరో ఒకరి కోసం పెట్టుకునేది. పేగు తెంచుకుని పోయినవాళ్ల కోసమో, గల్ఫ్ పోయి రానివాళ్ల కోసమో. ఆమె మొదటి నిమిషంలోనే రోగ నిర్ధారణ చేసి నా చేతిలో పెట్టింది. నాకది అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

మొదటి రోజు చెప్పిన బాధలు ఇవి. రాత్రి రెండున్నరకు మెలకువ, తర్వాత తెల్లారేదాకా నిద్ర లేదు. ఉన్నట్టుండి గుండెదడ, ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి సగంలో ఆగినట్టు. మెట్లెక్కితే ఆయాసం. చిన్నదానికీ బిడ్డ మీద అరుపులు. అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతున్నది మతిమరుపు. రైతు పేరు రాస్తూ రాస్తూ ఆగిపోతున్నాడు. ఆ సీజన్లో రెండుసార్లు తక్‌పట్టీ, అంటే రైతుకిచ్చే లెక్క చీటీ, తప్పు రాశాడు. ఒకసారి రైతుకు నాలుగు వేలు ఎక్కువ పోయింది, ఇంకోసారి ఆరు వందలు తక్కువ పడింది. ఎక్కువ పోయినదానికి సేటు ఏమీ అనలేదు. తక్కువ పడిన రైతు మాత్రం పదిమందిలో “గుమస్తా దొంగలెక్క రాసిండు” అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఎవరూ అనని మాట అది.

మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. రెండేళ్ల నుంచి ఆందోళన తగ్గించి మత్తునిచ్చే ఆల్‌ప్రజోలామ్ అరమిల్లీ గోలీలు పొద్దునొకటి, రాత్రొకటి వేసుకుంటున్నాడు. ఎవరో డాక్టరు పది రోజులకు రాసిన చీటీ, దాన్నే మెడికల్ షాపులో చూపిస్తూ చూపిస్తూ రెండేళ్లు నెట్టుకొచ్చాడు. మా ప్రాంతానికి ఈ మందు కొత్తేమీ కాదు. కల్తీ కల్లులో కలిసేది ఇదీ, దీని చుట్టాలే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు ఫిట్సు, పిచ్చిమాటలు, చేతుల వణుకుతో జనం ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఎలా బారులు తీరారో ఆ రోజుల్లో డ్యూటీ చేసినవాళ్లెవరూ మరచిపోరు. సారయ్య కల్లు తాగడు, మందు ముట్టడు. అయినా అదే మందు ఆయన ఒంట్లోకి ఇంకో దారిన చేరింది. మతిమరుపులో దాని వాటా ఎంతో తేల్చకుండా ఇంకేదీ తేలదు.

కొవిడ్ గురించి అడిగితే ఒక్క ముక్కలో ముగించాడు. “ఇరవై ఒకటిల అయింది. పన్నెండు రోజులు దవాఖానల ఉన్న. ఆక్సిజన్ పెట్టిండ్రు. తగ్గింది.” కుటుంబ చరిత్రలో తల్లి గురించి అడిగితే, “పోయింది.” ఎప్పుడు? “గప్పుడే.” నేను ‘తల్లి: మరణం, 2021’ అని రాసుకుని తర్వాతి గడిలోకి వెళ్లాను. బయట ఇంకో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఇది సాకు కాదు, జరిగింది చెబుతున్నాను.

జ్ఞాపకశక్తి, ఆలోచన చూడటానికి మోకా అనే 30 మార్కుల పరీక్ష తెలుగు రూపం వాడాను. చదువు పన్నెండేళ్లే కాబట్టి ఒక మార్కు కలిపినా 30కి 21 వచ్చింది. 26 కంటే తగ్గితే ఆలోచించాలి. నూటిలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మంటే 93, 86 దాకా వచ్చి ఆగిపోయాడు. నాకు నమ్మకం కుదరలేదు. ఆ పరీక్ష కాగితం పక్కన పెట్టి, “సారయ్యన్నా, తేజా మిర్చి పద్నాలుగు బస్తాలు, ఒక్కోటి నలభై కిలోలు, క్వింటా పదిహేడు వేల ఐదొందలు. రైతుకు ఎంత?” అన్నాను. కొవిడ్‌కు ముందైతే నా మాట పూర్తయ్యేలోగా చెప్పేవాడినని తర్వాత అన్నాడు. ఆ రోజు పెన్ను అడిగాడు. 560 కిలోలు రాశాడు, దాన్ని క్వింటాళ్లలోకి మార్చే దగ్గర కొట్టేశాడు, మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. మూడోసారికి 98,000 అని సరిగ్గానే వచ్చింది. కానీ అప్పటికి ఆయన నుదురంతా చెమట. లెక్క రాకపోవడం కాదది. లెక్క తప్పుతుందేమోనన్న బుగులు లెక్కను మింగేస్తోంది. ఆ చెమట చూశాక మోకా మార్కును ఉన్నదున్నట్టు నమ్మడం మానేశాను.

డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9లో 27కు 17, ఆందోళనకు జీఏడీ-7లో 21కి 16. చనిపోవాలనిపిస్తుందా అని అడిగాను. “నేనే పోతె అయిపోయేది అనిపిస్తది. చేసుకునుడు గిట్ల ఆలోచన లేదు” అన్నాడు. పత్తి పండే జిల్లాలో పురుగుల మందు ఏ ఇంటి దూలం మీదైనా దొరుకుతుంది కనుక, ఇంట్లో ఏముందో భార్యను విడిగా అడిగి తెలుసుకున్నాను. రాత్రిపూట ఎప్పుడైనా అవసరమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉందని ఇద్దరి ఫోన్లలోనూ నంబరు వేయించాను.

రక్తపరీక్షల్లో మాత్రం కొంత దొరికింది. మూడు నెలల సగటు చక్కెర 8.1. ఈయనకు షుగరు బయటపడింది 2021లోనే, కొవిడ్ వార్డులో స్టెరాయిడ్లు వాడుతున్నప్పుడు. అప్పటి నుంచి మెట్‌ఫార్మిన్ వాడుతున్నాడు. ఆ మందు ఏళ్ల తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది. ఈయనకు 142 ఉంది, 200 పైన ఉండాలి. బి12 లేమి ఒక్కటే మనిషిని మతిమరుపుగా, నీరసంగా, చిరాగ్గా చేయగలదు. థైరాయిడ్ బాగానే ఉంది. సీటీలో ఊపిరితిత్తుల అడుగుభాగాన పాత మచ్చలు కొద్దిగా ఉన్నా, ఊదించి చూసిన పరీక్షలో ఇంత ఆయాసానికి తగిన లోపమేమీ లేదు.

కొవిడ్ వచ్చిన మూడు నెలల్లోపు మొదలై, కనీసం రెండు నెలలు ఉండి, ఇంకో కారణం కనబడని లక్షణాలను కొవిడ్ అనంతర స్థితి అనాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో నిర్వచించింది. జనం లాంగ్ కొవిడ్ అనేది దీన్నే. ఆ నిర్వచనం ప్రకారం సారయ్యకు ఆ పేరు పెట్టడానికి పెద్ద అడ్డమేమీ లేదు. పెడితే ఆయనకూ తృప్తిగా ఉండేది, పేరున్న జబ్బు దొరికిందని. నేను పెట్టలేదు. ‘ఇంకో కారణం కనబడని’ అన్న మాటను మనవాళ్లు గబగబా దాటేస్తారు. ఇక్కడ కారణాలు నాలుగు కనబడుతున్నాయి: మందు, బి12, చక్కెర, నిద్ర. ఐదోది నాకింకా కనబడలేదు.

డిప్రెషన్, పానిక్ అని రాసి ఎస్సిటలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచాను. బి12 ఇంజెక్షన్లు పెట్టించాను. చక్కెర సంగతి ఫిజీషియన్‌కు అప్పగించాను. ఆల్‌ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే ఫిట్సు వచ్చే ప్రమాదం ఉంది, అందుకే రెండు వారాలకోసారి పావు గోలీ చొప్పున తగ్గిస్తూ నాలుగు నెలలకు ఆపాలని కాగితం మీద తేదీలు వేసి ఇచ్చాను. ఆ కాగితాన్ని ఆయన తక్‌పట్టీ పుస్తకంలో పెట్టుకుని, ఒక్కో తేదీ అయినప్పుడల్లా ఎర్ర పెన్నుతో కొట్టేసుకుంటూ వచ్చాడు. అంత నిక్కచ్చిగా మందు తగ్గించుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

జనవరి మొదటికి నిద్ర ఐదు గంటలకు వచ్చింది. దడ వారానికి ఒకటి రెండుసార్లకు తగ్గింది. నేను సంతోషించాను. ఆయన భార్య సంతోషించలేదు. “గోలీలతోటి పండుకుంటాండు సారూ, గంతే. మనిషి ఇంట్ల లేడు” అంది. నేను ఆరు వారాలు ఓపిక పట్టమన్నాను. డాక్టర్లం ఓపిక పట్టమని చెప్పే సందర్భాల్లో సగం మా దగ్గర ఇంకో ఆలోచన లేనప్పుడే.

జనవరి చివరి వారంలో ఫోన్ వచ్చింది. సారయ్య మార్కెట్ నుంచి చెప్పులు లేకుండా రోడ్డు మీదికి పరుగెత్తాడు. హమాలీలు పట్టుకుని ఆటోలో తీసుకొచ్చారు.

మిర్చి సీజన్లో ఏనుమాముల యార్డులోకి వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. షెడ్ల కింద ఎటు చూసినా ఎరుపే. తేజా, 341, వండర్ హాట్, లావుగా టమాటాలా ఉండే చపాటా. బస్తా విప్పి కాయ కుమ్మరించగానే ఘాటు లేస్తుంది. రైతు దగ్గుతాడు, తూకం వేసే దడ్వాయి దగ్గుతాడు, ఖరీదుదారు దగ్గుతూనే ధర పలుకుతాడు. అక్కడ దగ్గు మాటలో భాగం. ఇరవై రెండేళ్లుగా ఆ దగ్గుల మధ్యే బతికిన మనిషి ఆ రోజు ఎందుకు పరుగెత్తాడు?

ఆయన ఊపిరి కుదుటపడేదాకా అరగంట ఆగాను. బయటున్న వాళ్లను మర్నాడు రమ్మన్నాను. అప్పుడు చెప్పాడు. “అందరు దగ్గుతాండ్రు సారూ. దాంట్ల ఒక దగ్గు మా అవ్వది.”

తర్వాత గంటన్నర ఆయన మాట్లాడాడు, నేను విన్నాను.

2021 ఏప్రిల్ చివర. మార్కెట్ నడుస్తోంది. సారయ్యకు ఒళ్లు వెచ్చగా ఉన్నా నాలుగు రోజులు పనికి పోయాడు, సీజనల్ జరమనుకున్నాడు. ఐదో రోజు ఆక్సిజన్ పడిపోయింది. మంచం కోసం రెండు రోజులు తిరిగి, మూడో చోట చేర్చారు. ఆయన వార్డులో ఉండగా ఇంట్లో 68 ఏళ్ల తల్లికి దగ్గు ముదిరింది. ఆమెనూ అదే దవాఖానకు తెచ్చారు, ఆడవాళ్ల వార్డు మధ్యలో గోడ అవతల. ఆ గోడ మీదుగా మూడు రాత్రులు ఆమె దగ్గు వినబడింది. అన్ని దగ్గుల్లో అది అవ్వదేనని ఆయనకు తెలుసు, చిన్నప్పటి నుంచి విన్న దగ్గు. నాలుగో రాత్రి వినబడలేదు. తగ్గింది కాబోలనుకుని ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపోయాడు. ఆమె చనిపోయిన సంగతి ఆయనకు చెప్పింది డిశ్చార్జి రోజున, ఆటో ఎక్కాక.

కొడుకు చేతి తలకొరివి లేదు. సిబ్బందే దహనం చేశారు. భార్య దూరం నుంచి అంబులెన్సును చూసింది, అంతే. గోదాట్లో కలపడానికి బూడిద కూడా దక్కలేదు. కాళేశ్వరం పోయి చేయాల్సినవేవీ చేయలేదు. దినాలనాటికి ఇంట్లో ముగ్గురికీ ఇంకా నీరసమే, చుట్టాలెవరూ గడప తొక్కలేదు. “అవ్వ పోయినట్టు నాకు కాగితం మీదనే తెలుసు సారూ” అన్నాడు.

ఆ కాగితం గురించీ ఒక కథ ఉంది. కొవిడ్‌తో చనిపోయినవారి కుటుంబాలకు 50,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటు 2021 సెప్టెంబరులో వచ్చింది. భార్య తిరిగి తిరిగి దరఖాస్తు పెట్టించింది, డబ్బు వచ్చింది. ఆ ఖాతాలోంచి రూపాయి ముట్టనివ్వలేదు సారయ్య. బిడ్డ కాలేజీ ఫీజుకు అప్పు తెచ్చాడు కానీ అది తియ్యలేదు. “అవి అవ్వ పానం పైసలు.” భార్యాభర్తల గొడవల్లో సగం దీని మీదే.

ఇంకా ఉంది. సారయ్య దవాఖానలో ఉన్నప్పుడు తల్లి మేడారం సమ్మక్కకు మొక్కుకుందట. కొడుకు బతికి ఇల్లు చేరితే నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లం, మా దగ్గర చిన్న పిల్లలకూ తెలుసు. 2020 ఫిబ్రవరి జాతరకు తల్లీకొడుకులు కలిసే వెళ్లారు. 2022 జాతరకు ఆయన వెళ్లలేదు, జనం భయమన్నాడు. మొక్కు అలాగే ఉండిపోయింది. ఎవరో దగ్గరి చుట్టం ఆ మొక్కును ఆయనకు ఇలా చెప్పారు: “నా పానం తీసుకొని నా కొడుకును ఇయ్యి అని మొక్కిందిరా మీ అవ్వ.” మూడేళ్లుగా ఆయన మోస్తున్న మాట అది. రోగం తెచ్చింది నేను, పోయింది ఆమె, అదీ నాకు బదులుగా.

కేసు షీటు తెరిచి ‘తల్లి: మరణం, 2021’ అన్న నా రాతను చూసుకున్నాను. పక్కనే నేను వదిలేసి పోయిన ఖాళీ గడి కనబడింది.

ఈ స్థితికి మన పుస్తకాల్లో ఇప్పుడు పేరుంది, దీర్ఘకాలిక శోక రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం ఆరు నెలలు దాటితే, 2022 నాటి అమెరికా వర్గీకరణ ప్రకారం పెద్దవాళ్లలో ఏడాది దాటితే. శోకం కొలిచే 19 ప్రశ్నల పట్టికలో 25 దాటితే ఆలోచించాలి, సారయ్యకు 41 వచ్చింది. డిప్రెషన్ మందు ఆయన నిద్రను బాగుచేసింది, దడను తగ్గించింది, దీన్ని మాత్రం ముట్టుకోలేదు. ముట్టుకోదు కూడా.

ఇక్కడ కొంచెం ఆగి మహమ్మారుల సంగతి మాట్లాడుకోవాలి. వైరస్ చేసే పని వేరు, మహమ్మారి చేసే పని వేరు. ఈ రెంటినీ కలగాపులగం చేస్తే రోగికి తప్పు మందు పడుతుంది. ఆక్స్‌ఫర్డ్ బృందం 2022లో లాన్సెట్ సైకియాట్రీలో 12 లక్షలకు పైగా కొవిడ్ రోగుల రికార్డులను, ఇతర శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు వచ్చినవారితో రెండేళ్ల పాటు పోల్చి చూసింది. డిప్రెషన్, ఆందోళన ముప్పు మొదట్లో పెరిగి, రెండు నెలల్లోపే మిగతావాళ్ల స్థాయికి దిగింది. మెదడు మసకబారినట్టుండే మతిమరుపు, పెద్ద వయసువారిలో డిమెన్షియా, సైకోసిస్ ముప్పు మాత్రం రెండేళ్ల చివరన కూడా ఎక్కువగానే ఉంది. దీన్ని నేను నా పనికి ఇలా అనువర్తించుకుంటాను: కొవిడ్ వచ్చిన రెండున్నరేళ్ల తర్వాత మతిమరుపుతో వస్తే వైరస్‌ను అనుమానించు. దిగులుతో వస్తే ఆ ఏడాది ఆ ఇంట్లో ఏం జరిగిందో అడుగు. ఇదేమీ సూత్రం కాదు, దిగులుకు వైరస్ వాటా అసలే ఉండదనీ కాదు. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది, అంతే.

ఇది కొవిడ్‌తో మొదలైందీ కాదు. 2003లో హాంకాంగ్‌లో సార్స్ నుంచి బయటపడిన 90 మందిని ముప్పై నెలల తర్వాత చూస్తే నాలుగింట ఒకవంతు మందిలో పీటీఎస్‌డీ, అంటే ఘోర అనుభవం మిగిల్చే మానసిక గాయం, ఇంకా ఉంది. అప్పటికి సార్స్ పేరే వార్తల్లో లేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా తర్వాత ఆరేళ్ల పాటు నార్వే మానసిక ఆసుపత్రుల్లో ఫ్లూ కారణంగా మొదటిసారి చేరినవారి సంఖ్య ఏటా సగటున ఏడు రెట్లు పెరిగిందని మామెలుండ్ అనే జనాభా శాస్త్రవేత్త పాత రికార్డులు తిరగేసి చూపాడు. ఆరేళ్లు! ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది 2023 మే 5న. సారయ్య నా దగ్గరికి వచ్చింది ఆ తర్వాత ఆరు నెలలకు. పైగా కరోనా అని వచ్చాడా? దడ అని వచ్చాడు. ఎవరూ కరోనా అని రారు.

చికిత్సకు వస్తే, శోకానికి పద్నాలుగు సిట్టింగులు పెట్టుకున్నాం, ఒక్కోటి గంట. పద్ధతి కొత్తదేం కాదు: కళ్లు మూసుకుని ఆ రాత్రిని వర్తమానంలో జరుగుతున్నట్టు మళ్లీ చెప్పించడం, దాన్ని ఆయన ఫోన్‌లోనే రికార్డు చేసి ఇంటి దగ్గర వినమనడం, తప్పించుకుంటున్న చోట్లకు మెల్లగా వెళ్లడం. మొదటి రెండు సిట్టింగుల్లో ఆయన గోడ దగ్గర ఆగిపోయేవాడు. నాలుగో రాత్రి దగ్గు ఆగిన చోటికి రాగానే నోరు పెగిలేది కాదు. నిద్రపోయానన్న మాట చెప్పడానికి మూడో సిట్టింగు పట్టింది. తల్లి చనిపోతున్న గంటలో తాను హాయిగా పడుకున్నానన్నదే ఆయన నేరపత్రం.

ఆరో సిట్టింగులో నేననుకోని పని ఒకటి జరిగింది. అపరాధభావానికి మేము మామూలుగా వాడే ఉపాయం ఒకటుంది. ఒక గుండ్రం గీసి, జరిగినదానికి ఎవరెవరి వాటా ఎంతో ముక్కలుగా కోయమంటాం. సారయ్యకు గుండ్రం అర్థం కాలేదు. “తక్‌పట్టీ లెక్క రాయన్నా?” అన్నాడు. రాయమన్నాను. పైన మొత్తం: తప్పు, నూరు. కింద తీసివేతలు. అడ్తి కమీషన్, హమాలీ, చాట, తూకం అని రాసే వరుసలో ఆయన రాసుకుంటూ పోయాడు. అవ్వ అంతకు ముందు వారం పోయిన పెండ్లి, ఇరవై. మంచం దొరకక పోయిన రెండు రోజులు, పదిహేను. అవ్వకు ముందే ఉన్న షుగరు, పదిహేను. “రోగం వాటా ఎంత రాయాలె సారూ?” అని అడిగి, నన్ను చెప్పనివ్వకుండానే ఇరవై వేశాడు. తీసివేతలు కూడి, కింద గీత గీసి, మిగిలింది ముప్పై అని రాశాడు. నేను ఇంకేమైనా మిగిలిందేమో చూడమన్నాను. ఆయన పెన్ను మూత పెట్టేశాడు. “ఈ ముప్పై నాది సారూ. జరముండంగ పనికి పోయిన. దీన్ని తీసెయ్యకుండ్రి, మోస్త.” నేను వాదించలేదు. నూరు మోయలేక కూలిన మనిషి ముప్పై మోస్తానంటే అది తగ్గించాల్సిన లక్షణం కాదు.

కూడికలో ఆయన పెన్ను ఒక్కసారి కూడా ఆగలేదని ఇంటికి వెళ్లేటప్పుడు గుర్తొచ్చింది నాకు.

మొక్కు ముడి విప్పింది నేను కాదు, ఆయన భార్య. ఎనిమిదో సిట్టింగుకు ఆమెను కూడా లోపల కూర్చోమన్నాను. సారయ్య చుట్టం చెప్పిన మాటను మళ్లీ అన్నాడు, నా పానం తీసుకొమ్మని మొక్కింది అని. ఆమె వెంటనే లేచి నిలబడింది. “గట్ల ఎవలు చెప్పిండ్రు? నేను పక్కకే ఉన్న. జరంల మంచం మీద కూసోని రెండు చేతులు జోడిచ్చి, సమ్మక్క తల్లీ నా కొడుకు ఇల్లు చేరితె నిలువెత్తు బంగారమిస్త, ఇద్దరం కలిసి వస్తమని మొక్కింది. ఇద్దరం కలిసి అన్నది. సచ్చిపోతనని అనలే.” సారయ్య ఆమెను రెండు నిమిషాలు చూశాడు. మూడేళ్లలో ఒక్కసారీ ఈ మాట ఆమెను అడగలేదు. ఆమెకూ చెప్పాలని తోచలేదు, భర్త మనసులో ఏముందో ఆమెకెలా తెలుస్తుంది? ఆ రోజు ఆయన ఏడ్చాడు, నా గదిలో మొదటిసారి.

2024 జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా. అంత జనంలోకి పొమ్మని నేను చెప్పలేదు, ఆయన పోలేదు. జాతర తర్వాతి వారం జరిగే తిరుగువారం కూడా గడిచిపోయింది. ఈలోగా మార్కెట్ పని సాగించాం. మొదటి వారం యార్డు గేటు దాకా, రెండో వారం మిర్చి షెడ్డు అంచు దాకా, ఆ తర్వాత కుప్పల మధ్య పది నిమిషాలు. మూతికి తువ్వాల కట్టుకునేవాడు. పుస్తకం ప్రకారమైతే అది భయాన్ని దాచుకునే అలవాటు, తీసేయించాలి. అక్కడ హమాలీలందరూ కట్టుకుంటారు. మిర్చి దుమ్ములో తువ్వాల తీసెయ్యమనడం చికిత్స కాదు, తెలివితక్కువతనం.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం భార్యాబిడ్డలతో మేడారం వెళ్లాడు. వెళ్లే ముందు తూకం వేయించుకుంటే 64 కిలోలు. కిలో యాభై చొప్పున 3,200 రూపాయల బెల్లం. ఆ డబ్బు అవ్వ ఖాతాలోంచి తీశాడు, మొదటిసారి. మర్నాడు ఇంత బంగారం పేపర్లో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను రాసిన మందు కాదది. ఆయన బండి ఎక్కగలిగే స్థితికి తేవడం వరకే నా పని. అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. మొక్కు మాట సరిచేయకముందే ఆయన మేడారం వెళ్లి ఉంటే, బదులు తీర్చుకున్నానన్న భావనతో ఇంకా కుంగేవాడేమో. ముందు భార్య మాట, తర్వాత బెల్లం. ఆ వరుస కలిసిరావడంలో అదృష్టం కూడా ఉంది.

పద్నాలుగు నెలలకు, 2025 జనవరిలో, లెక్కలు ఇలా ఉన్నాయి. డిప్రెషన్ 6. ఆందోళన 5. శోకం పట్టికలో 19. మోకా 26. ఆల్‌ప్రజోలామ్ ఆగి పది నెలలు. చక్కెర 6.9. ఎస్సిటలోప్రామ్ ఇంకో ఆరు నెలలు కొనసాగిస్తున్నాం. మిర్చి లెక్క అడిగితే కాగితం లేకుండా చెప్పాడు, కానీ చెప్పి ఒకసారి ఫోన్లో కాలిక్యులేటర్ చూసుకున్నాడు. అది ఇక పోకపోవచ్చు. మధ్యాహ్నం మూడు దాటితే మెదడు అలసిపోతుంది, తక్‌పట్టీలన్నీ పొద్దున్నే ముగించుకునేలా సేటు ఏర్పాటు చేశాడు. అది వైరస్ మిగిల్చిందే కావచ్చు. దవాఖాన మెట్లు ఎక్కాలంటే ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. నా క్లినిక్ కింది అంతస్తులో ఉండటం మంచిదైంది.

ఆ రోజు లేస్తూ సారయ్య బయటికి నడిచాడు. భార్య కుర్చీలోనే ఉండిపోయింది. పద్నాలుగు నెలలుగా ఆమె ఆ కుర్చీలోనే కూర్చుంది, కేసు షీటులో ‘వెంట వచ్చినవారు: భార్య’ అన్న గడిలో. 2021లో ఇద్దరు రోగులనూ చూసుకుంది ఆమె. మంచం కోసం తిరిగింది, అంబులెన్సును దూరం నుంచి చూసింది, కాగితాల కోసం ఆఫీసులు తిరిగింది, భర్తకు చావు కబురు చెప్పింది.

“సారూ, నాక్కూడ ఒక చీటీ రాయుండ్రి. తలకాయ నొస్తాంది.”

“ఎన్ని రోజుల నుంచమ్మా?”

“గప్పటి సందే.”

బీపీ చూస్తే 168కి 104. కొత్త షీటు తీసుకున్నాను. ఈసారి బాధలు రాసుకునే ముందే ఇంకో ప్రశ్న అడిగాను, 2020, 21ల్లో మీ పుట్టింటి వైపు ఎవరైనా పోయారా అని. వాళ్ల అన్న పోయాడట, పరకాలలో, అత్త పోయిన పదిహేను రోజులకు. ఈ గదిలో ఆ మాట ఎవరూ అడగలేదు గనుక ఆమె చెప్పలేదు. బీపీకి ఫిజీషియన్ దగ్గరికి పంపాను. గురువారం ఒక్కతే రమ్మన్నాను, గంట ఖాళీ పెట్టుకుని.